కాకతీయులది ఏ వంశం? రాతి మీద ఉన్న జవాబులు

కాకతీయులు ఏ కులం వాళ్ళు? తెలుగువాళ్ళు చరిత్ర మాట్లాడుకునే చోటల్లా ఈ ప్రశ్న లేస్తుంది. ఒకరు తమ కులం పేరు చెబుతారు. వెంటనే ఇంకొకరు తమది చెబుతారు. మూడోవారు వచ్చి మీరెవరూ కాదు, వాళ్ళు సూర్యవంశ క్షత్రియులు అంటారు. ఇంకో నాలుగు మాటలకే సంగతి చరిత్ర దాటిపోయి తిట్ల దాకా వెళ్తుంది. ఆ రాజుల కాలంలో చెక్కిన శాసనాలు మాత్రం వందల కొద్దీ మన ఊళ్ళలోనే, గుడి స్తంభాల మీద, చెరువు కట్టల దగ్గర నిలబడి ఉన్నాయి. పుట్టుక గొప్పదా, చేసిన పని గొప్పదా అన్న విషయం మీద అవి చెప్పేది చాలా ఉంది. వాటిని వదిలేసి ఇవాళ్టి కులసంఘాల లెక్కలు వాళ్ళకు అంటగట్టడం ఆ రాజులకూ అన్యాయమే, మనకూ నష్టమే.

మూడు శాసనాలు చూద్దాం. బాపట్ల జిల్లా తీరంలోని మోటుపల్లిలో గణపతిదేవ చక్రవర్తి 1244లో వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు దెబ్బతిని ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారని, తాను మాత్రం నిర్ణయించిన సుంకం తప్ప ఇంకేమీ తీసుకోనని వర్తకులకు అందులో మాట ఇచ్చాడు. ఆ శాసనంలో కాకతీయుల వంశం ఇక్ష్వాకుడు, భగీరథుడు, రఘువు, దశరథుడు, రాముడి మీదుగా దిగి వస్తుంది. అంటే సూర్యవంశం. రెండోది పాలమూరు వైపు. గణపతిదేవుడి సేనానుల్లో ఒకడైన మల్యాల గుండ దండనాథుడికి సంబంధించిన బూత్పూరు, వడ్డమాను శాసనాలు కాకతీయులను చతుర్థ వర్ణం, అంటే విష్ణుపాదాల నుంచి పుట్టిందని చెప్పే నాలుగో వర్ణం వారని చెబుతాయి. చెప్పింది శత్రువు కాదు, సొంత సేనాని. మూడోది ఛత్తీస్‌గఢ్‌లోని దంతేవాడలో ఉంది. ప్రతాపరుద్రుడి తమ్ముడు అన్నమరాజు సంతతిగా చెప్పుకున్న బస్తర్ రాజు దిక్పాలదేవుడు 1703లో దంతేశ్వరి గుడి దగ్గర వేయించిన శాసనంలో ఆ వంశం చంద్రవంశం అయింది. పాండవ మధ్యముడు అర్జునుడి దగ్గర మొదలై హస్తినాపురం నుంచి ఓరుగల్లుకు వచ్చింది.

ఒకే కుటుంబం ఒకచోట సూర్యుడి నుంచి, ఒకచోట చంద్రుడి నుంచి, ఒకచోట విష్ణుపాదాల నుంచి పుట్టింది. ఎవరో ఒకరు అబద్ధం రాశారని కొట్టిపారేయడం తేలిక. వంశావళి ఎలా తయారయ్యేదో చూస్తే చిక్కు దానంతటదే విడిపోతుంది.

దానశాసనానికి ఒక పద్ధతి ఉంది. ముందు దైవస్తుతి, ఆ వెనక దాత వంశవర్ణన, తర్వాత దాత గొప్పలు. అవన్నీ అయ్యాక అసలు దానం, పొలం హద్దులు వస్తాయి. చివర ఆ భూమిని హరించినవాడు అరవై వేల ఏళ్ళు అశుద్ధంలో పురుగై పుడతాడనే శాపం. వంశవర్ణన రాసేది ఆస్థాన పండితుడు. అతని చేతిలో వంశం మూడు పొరలుగా ఏర్పడుతుంది. అట్టడుగున దాత తండ్రి, తాత, ముత్తాత ఉంటారు. వాళ్ళను చూసినవాళ్ళో, వాళ్ళ గురించి విన్నవాళ్ళో ఊళ్ళో ఉంటారు కాబట్టి అక్కడ కల్పనకు చోటు తక్కువ. అన్నిటికన్నా పైన బ్రహ్మ, మనువు, సూర్యుడు. అది పురాణంలో అందరికీ తెలిసిన సంగతే, పండితుడికి నోటికి వచ్చిందే. అసలు పనంతా నడిమి పొరలో జరుగుతుంది. పైనున్న దేవుళ్ళకూ కిందున్న తాతలకూ మధ్య ఒక మూలపురుషుడు కావాలి. కాకతీయులకు ఆ మూలపురుషుడు దుర్జయుడు. వెలనాటి చోడులతో సహా తీరాంధ్రలోని పలు సామంత కుటుంబాలు చెప్పుకున్నదీ అదే దుర్జయుణ్ణి. తెలుగు చోడులు కావేరికి కట్టలు కట్టించిన కరికాల చోళుణ్ణి పట్టుకున్నారు. ఆ మూలపురుషుడు ఎప్పుడివాడో, అతనికీ శాసనంలోని మొదటి నిజమైన తాతకూ మధ్య ఎన్ని తరాలు గడిచాయో ఏ శాసనమూ తేల్చదు. తేల్చాల్సిన అవసరం వాళ్ళకు రాలేదు.

ఇక ఎక్కడ ఎవరి ముందు రాస్తున్నారన్నది చూడాలి. గణపతిదేవుడు తీరాంధ్రను గెలుచుకున్నది తన పాలన మొదట్లోనే. ఆ నేలను అంతకుముందు వందల ఏళ్ళు ఏలినవాళ్ళు తూర్పు చాళుక్యులు, ఆ తర్వాత చోళ చక్రవర్తుల రక్తం కలిసిన వాళ్ళ వారసులు. పురాణ పురుషులతో మొదలయ్యే పొడవాటి వంశావళులు అక్కడ రాజు అనే మాటలోనే కలిసిపోయి ఉన్నాయి. కొత్తగా వచ్చిన రాజు ఆ నేల మీద నిలబడి దూరదేశాల వర్తకులకు మాట ఇవ్వాలి. ఆ మాటకు బరువు తెచ్చే భాషలోనే తన వంశాన్ని రాయించుకున్నాడు. సొంత గడ్డ తెలంగాణలో ఆ అవసరం లేదు. హనుమకొండ వేయిస్తంభాల గుడిలోని 1163 నాటి శాసనం చూడండి. రుద్రదేవుడి గొప్పంతా తండ్రి ప్రోలరాజు ఎవరెవరిని ఓడించాడు, తాను ఎవరెవరిని ఓడించాడు అనే యుద్ధాల మీదే నడుస్తుంది. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ వేయించిన బయ్యారం చెరువు శాసనం కాకతి అనే ఊరి నుంచి పాలించిన వెన్నరాజుతో వంశాన్ని మొదలుపెట్టి, ఆ ఊరి వల్లే వంశానికి ఆ పేరు వచ్చిందంటుంది. కాకతీయుల శాసనాల్లో ఎక్కువ భాగం వర్ణం ఊసే ఎత్తవు. ప్రతాపరుద్రుడి ఆస్థాన కవి విద్యానాథుడు ఇంకో దారి పట్టి, ఈ వంశం సూర్యచంద్ర వంశాల కీర్తిని మించిందన్నాడు. ఆ రెండింటిలో దేనికీ చెందదని ఒప్పుకుంటూనే రెండింటి మీదా కూర్చోబెట్టే నేర్పు అది.

అంటే ముందు అధికారం వచ్చింది, దాని వెనక వంశం వచ్చింది. ఇది తెలుగునేలకే పరిమితమైన సంగతి కాదు. శివాజీ కోటల మీద కోటలు గెలిచి రాజ్యం నిలబెట్టుకున్నాక, 1674లో పట్టాభిషేకం కోసం కాశీ నుంచి వచ్చిన గాగాభట్టు ఆయన వంశాన్ని మేవాడ్ సిసోదియా రాజపుత్రులతో కలిపి క్షత్రియత్వం నిర్ధారించవలసి వచ్చింది. తెలుగునేల మీద ప్రత్యేకత ఇంకోటి ఉంది. నాకు ఈ చరిత్ర మీద ఇంత ప్రేమ కలగడానికి కారణం అదే.

క్షత్రియత్వం కొనుక్కోగలిగి కూడా దాన్ని కోరుకోని రాజులు ఇక్కడ ఉన్నారు. పిఠాపురం కుంతీమాధవస్వామి ఆలయంలో 1186 నాటి స్తంభశాసనం వెలనాటి పృథ్వీశ్వరుడి కాలానిది. వెలనాటి చోడులు తీరాంధ్రలో పెద్ద శక్తి. పండితుల్ని పోషించగలవాళ్ళు, అడిగితే సూర్యుణ్ణో చంద్రుణ్ణో రాసిపెట్టేవాళ్ళు వాళ్ళ కొలువులోనే ఉన్నారు. వాళ్ళు రాయించుకున్నది, విష్ణువు పాదపద్మాల నుంచి పుట్టిన చతుర్థ కులం తమదని. 1323లో ఓరుగల్లు పడిపోయాక గోదావరి ఒడ్డున రేకపల్లిని కేంద్రం చేసుకుని తిరిగి రాజ్యం నిలబెట్టిన ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం కూడా అతనిది నాలుగో వర్ణమని సూటిగా చెబుతుంది. అద్దంకిలో, ఆపైన కొండవీటిలో రాజ్యం చేసిన రెడ్డిరాజుల శాసనాలదీ అదే మాట.

వీటన్నిటిలోకి తలమానికం 1368 నాటి అక్కలపూండి శాసనం. గోదావరి ప్రాంతాన్ని ఏలిన కొప్పుల సింగయ నాయకుడిది. అందులో వాదం ఇలా సాగుతుంది. ముఖం నుంచి, బాహువుల నుంచి, తొడల నుంచి మొదటి మూడు వర్ణాలు పుట్టాయి. వాటికి ఆసరాగా ఉండడానికి పాదాల నుంచి నాలుగోది పుట్టింది. మిగతా మూడింటి కన్నా ఇదే పవిత్రమైనదని వేరే చెప్పనక్కర్లేదు. ముల్లోకాలనూ పావనం చేసే గంగ పుట్టిన చోటే ఇదీ పుట్టింది కదా, ఈ వర్ణం గంగకు తోబుట్టువు కదా.

ఈ వాదం ఎంత పదునైనదో కాసేపు ఆగి ఆలోచించాలి. వేదం చెప్పిన క్రమాన్ని ఆ పండితుడు కాదనలేదు. పాదాల నుంచి పుట్టారన్న మాటను దాచలేదు, మెత్తబరచలేదు. కిందివాళ్ళని చెప్పడానికి ఎవరు ఏ వాక్యాన్ని చూపిస్తారో అదే వాక్యాన్ని తీసుకుని పైవాళ్ళని నిరూపించాడు. అదీ సంస్కృత శ్లోకాల్లో, రాగి రేకుల మీద, బ్రాహ్మణుడికి ఊరు దానమిస్తూ. ఆ దానం పుచ్చుకున్నవాళ్ళకు అందులో తప్పేమీ కనిపించలేదు.

అయితే ఇక్కడ ఒక మాట దాటవేయకూడదు. గంగకు తోబుట్టువులమన్నది కూడా పుట్టుక గురించిన గొప్పే. పుట్టుకతో మనిషిని కొలవకండి అని సింగయ నాయకుడి శాసనం అనలేదు, మా పుట్టుకను తక్కువ చేయకండి అంది. ఈ రెంటికీ దూరం చాలా ఉంది. దీన్ని సమానత్వ ప్రకటనగా చదివితే లేనిది అంటగట్టినట్టవుతుంది.

పనికి ఉన్న విలువ వేరే చోట కనిపిస్తుంది. ఆ కాలపు పేర్ల చివర ఉండే రెడ్డి, నాయకుడు, రాజు, సెట్టి, బోయ, లెంక లాంటి మాటల్ని ఇవాళ చదివేవాళ్ళు నేరుగా కులాల పేర్లుగా తీసుకుంటారు. ఈ తగాదాలన్నిటికీ మూలం అక్కడే ఉందని నా అభిప్రాయం. కాకతీయ శాసనాల్లో అవి ఎక్కువగా మనిషి హోదాను, చేసే పనిని చెప్పేవి. రెడ్డి అంటే ఊరి పెద్ద. నాయకుడు అంటే సైన్యాన్ని నడిపేవాడు. లెంక అంటే ఏలికకు ప్రాణమిస్తానని మాట ఇచ్చి కొలువు చేసే బంటు. తండ్రి పేరు చివర ఒకటి, కొడుకు పేరు చివర మరొకటి ఉన్న శాసనాలు దొరుకుతాయి. చేపట్టిన పని మారితే పేరు చివర మాట మారేది. తర్వాతి శతాబ్దాల్లోనే ఆ మాటలు వారసత్వంగా గట్టిపడి కులాల పేర్లయ్యాయి. కాబట్టి 1250 నాటి శాసనంలో ఒక రెడ్డి కనిపిస్తే అతను ఇవాళ్టి ఒక కులానికి తాత అనుకోవడానికి ఆధారం చాలదు. ఏ పేరుకైనా ఇదే వర్తిస్తుంది.

వియ్యాలు చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. గణపతిదేవుడి చెల్లెలు మైలాంబను నతవాడి రుద్రుడికి ఇచ్చారు. ఒక కూతురు గణపాంబను ధరణికోట ఏలిన కోట బేతరాజుకు ఇచ్చారు. ఈ రెండు కుటుంబాలూ చతుర్థ వర్ణానివే. ఇంకో కూతురు రుద్రమను నిడదవోలు చాళుక్య వీరభద్రుడికి ఇచ్చారు. ఆయనది చంద్రవంశం. గణపతిదేవుడు తాను చేసుకున్న నారమాంబ, పేరమాంబ దివిసీమ అయ్య వంశపు ఆడపడుచులు. వాళ్ళ సోదరుడు జాయపను గణపతిదేవుడు చేరదీసి గజసాహిణిగా, అంటే ఏనుగుల దళానికి అధిపతిగా చేశాడు. యుద్ధరంగంలో ఏనుగుల్ని నడిపిన ఆ జాయపే నృత్యశాస్త్రం మీద సంస్కృతంలో గ్రంథం రాశాడు. ఈ ఒక్క ఇంటిని ఇవాళ్టి ఏ సంఘం జాబితాలో రాయాలి?

కాకతీయ రాజ్యం నడిచిందే కొత్తగా పైకి వచ్చినవాళ్ళ మీద. గణపతిదేవుడి కాలంలో గంగయ సాహిణి అనే కాయస్థ నాయకుడు అశ్వదళం నడిపి, డెబ్బై రెండు నియోగాల, అంటే అధికార శాఖల, అధిపతి అయ్యాడు. పానుగల్లు నుంచి రాయలసీమ దాకా పెద్ద ప్రాంతం అతని చేతికి వచ్చింది. పాకాల చెరువు తవ్వించిన జగదాల ముమ్మడి మంత్రి కొడుకు, తానూ అధికారే. రామప్ప గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు రాజు కాదు, సేనాని. గణపతిదేవుడు దేవగిరి యాదవ రాజుల దగ్గర బందీగా ఉన్నప్పుడు రాజ్యాన్ని పట్టి నిలిపినవాడు. 1213లో అతను కట్టించిన ఆ గుడి 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకు ఎక్కింది. రుద్రమదేవి, ప్రతాపరుద్రుల కాలానికి వచ్చేసరికి పాత సామంత కుటుంబాల పేర్లు శాసనాల్లో తగ్గిపోతాయి, ముత్తాతల ఊసు లేని నాయకుల పేర్లు పెరుగుతాయి. వాళ్ళకు వంశవర్ణన ఉండదు, బిరుదులుంటాయి. స్వామిద్రోహరగండ, అంటే ఏలికకు ద్రోహం చేసేవాళ్ళను దండించేవాడు అన్నది అప్పట్లో బాగా కనిపించే బిరుదు. దానికి తాత అక్కర్లేదు. యుద్ధంలో వెన్ను చూపకుండా ఉంటే చాలు.

సప్తసంతానాలు అనే భావన కూడా ఇదే నేలలో బలంగా పాతుకుంది. కొడుకు ఒక్కడే సంతానం కాదు. చెరువు, గుడి, తోట, కావ్యం, నిధి, అగ్రహారం కూడా సంతానమే. మనిషి పేరు నిలబెట్టేవి ఏడు ఉంటే అందులో రక్తంతో వచ్చేది ఒక్కటే, మిగతా ఆరూ చేత్తో చేసేవి. పూర్వీకుల వైపు చూసే వంశగర్వానికీ, వెనక మిగిల్చి వెళ్ళేదాని వైపు చూసే ఈ ఆలోచనకూ మధ్య ఎంత తేడా ఉందో! తెలంగాణలోని ఎన్నో చెరువులు ఈ ఆలోచన నీడలో పుట్టినవే. ప్రోలయ వేమారెడ్డి శ్రీశైలానికి, అహోబిలానికి మెట్లు కట్టించింది కూడా ఈ కోవలోదే.

నల్లగొండ జిల్లా చందుపట్లలో ఒక చిన్న శాసనం ఉంది. 1289 నవంబరు నాటిది. రుద్రమదేవి, ఆమె సేనాపతి మల్లికార్జున నాయకుడు శివలోకానికి చేరినందుకు, వాళ్ళ పుణ్యం కోసం కొంత భూమిని దేవుడికి ఇస్తున్నట్టు మల్లికార్జునుడి సేవకుడు పువ్వుల ముమ్మడి వేయించాడు. అతనికి సూర్యుడూ లేడు, దుర్జయుడూ లేడు. రుద్రమదేవి ఎప్పుడు కన్నుమూసిందో మనకు చెప్పింది మాత్రం అతనే. అంత పెద్ద సామ్రాజ్యంలో ఇంకే ఆస్థాన కవీ ఆ మాట మనకు అందేలా రాయలేదు.

ఇక్కడిదాకా చదివితే కాకతీయుల కాలం ప్రతిభకు పట్టం కట్టిన స్వర్ణయుగంలా అనిపిస్తుంది. నేను అలా అనడం లేదు. సింహాసనం దగ్గరికి వచ్చేసరికి ప్రతిభ మాట ఎవరూ ఎత్తలేదు. గణపతిదేవుడికి కొడుకులు లేరు. ఎంతమంది సమర్థులైన సేనానులున్నా వాళ్ళలో ఒకడికి రాజ్యం ఇవ్వలేదు, కూతురికి ఇచ్చాడు. రుద్రమదేవికీ కొడుకులు లేరు. తన కూతురు ముమ్మడమ్మ కొడుకు ప్రతాపరుద్రుణ్ణి ఆమె దత్తత తీసుకుంది. ఆడది రాజ్యం ఏలడమా అన్న ఆ కాలంలో రుద్రమకు తలుపు తెరిచింది రాజు కూతురన్న పుట్టుకే. అంతే ధైర్యం, అంతే తెలివి ఉన్న మామూలు ఇంటి ఆడపిల్లకు ఆ తలుపు కనిపించేది కూడా కాదు. లోపలికి వెళ్ళాక నిలబడింది మాత్రం ఆమె సొంత శక్తితోనే. పుట్టుకనూ ప్రతిభనూ రెండు వైపులా పెట్టి తూచేవాళ్ళకు రుద్రమ కథ ఇబ్బంది కలిగిస్తుంది. ఆమెలో ఒకటి లేకుండా రెండోది లేదు.

పైకి వచ్చినవాళ్ళు కూడా తమ వెనక తలుపు వేసేశారు. గంగయ సాహిణి సేవతో సంపాదించిన ప్రాంతం అతని మేనల్లుళ్ళకు, అంటే జన్నిగదేవుడికి, త్రిపురారికి, అంబదేవుడికి ఆస్తిలా సంక్రమించింది. అంబదేవుడు రుద్రమ మీదే తిరగబడి స్వతంత్రుడయ్యాడు. ఇంకా దూరం వెళ్ళిన ఉదాహరణ కూడా ఉంది. ఓరుగల్లు పతనం తర్వాత ఢిల్లీకి చేరి, మతం మారి, మలిక్ మక్బూల్ అయిన ఒక తెలంగాణ అధికారి ఫిరోజ్ షా తుగ్లక్‌కు వజీరు అయ్యాడు. ఖాన్-ఎ-జహాన్ అన్నది అతని బిరుదు. అతనికి చదవడం రాయడం రాదని, అయినా గొప్ప బుద్ధిశాలి అని అఫీఫ్ అనే చరిత్రకారుడు రాశాడు. పరాయి దేశంలో, పరాయి భాషలో, చదువు లేకుండా సామ్రాజ్యానికి రెండో మనిషి కావడమంటే మాటలు కాదు. అతను పోయాక ఆ వజీరు పదవి, ఆ బిరుదు ఎవరికి దక్కాయి? అతని కొడుక్కే. కష్టపడి సంపాదించింది ఒక్క తరంలో పుట్టుకహక్కు అయిపోయింది.

దీనికన్నా పెద్ద లోటు ఇంకోటి ఉంది. గుర్రం, కత్తి, కొంత భూమి, వెంట నడిచే నలుగురు మనుషులు ఉన్నవాడికే శౌర్యం చూపే అవకాశం దొరికేది. చతుర్థ వర్ణం గర్వంగా తలెత్తుకుంది నిజమే. ఆ నాలుగు వర్ణాల బయట నిలబెట్టిన మాల మాదిగల కోసం ఏ పండితుడూ గంగను సాక్ష్యం పిలవలేదు. చెరువులు తవ్వించినవాళ్ళ పేర్లు శాసనాల్లో ఉన్నాయి, తవ్వినవాళ్ళవి లేవు. ప్రతిభ అనే మాటను ఇవాళ గట్టిగా పలికేవాళ్ళు ఈ సంగతి ముందు పెట్టుకుని మాట్లాడాలి. ప్రతిభను ఏ పరీక్షతో తూస్తున్నారు, ఆ పరీక్ష దాకా రావడానికి ఏం కావాలి, అది ఎవరి ఇంట్లో ముందే ఉంది అన్నవి 13వ శతాబ్దంలోనూ అడగాల్సిన ప్రశ్నలే.

మన ఊహలో పుట్టుక ఎంత లోతుగా దిగిందో భారతంలోని కర్ణుడి కథ చూపిస్తుంది. కుమారాస్త్రవిద్యా ప్రదర్శనలో కర్ణుడు అర్జునుణ్ణి పిలిస్తే, నీ తల్లిదండ్రులెవరు, ఏ రాజవంశం అని కృపాచార్యుడు అడుగుతాడు. కర్ణుడు తల దించుకుంటాడు. అప్పుడు దుర్యోధనుడు రాజత్వానికి మూడు పుట్టుకలు ఉన్నాయంటాడు: మంచి వంశంలో పుట్టడం, శూరుడు కావడం, సేనను నడపగలగడం. కాకతీయ నాయకులందరి చరిత్రా ఆ మూడింటిలోని చివరి రెండింటిలో ఇమిడిపోతుంది. ఏరుల జన్మం, శూరుల జన్మం అడగరాదని మనం ఇప్పటికీ చెప్పుకునే మాటా ఆ ఘట్టం వల్లే మన నోళ్ళలో నిలిచింది. కానీ కథ అక్కడ ఆగదు. కర్ణుడు నిజానికి కుంతికి పుట్టినవాడు, సూర్యుడి కొడుకు. సూతపుత్రుడిగా గెలిచే అవకాశం కథ అతనికి ఇవ్వలేదు. అతని గొప్పతనానికి కారణం చివరికి రక్తంలోనే దొరికింది. మనం కర్ణుడి కోసం కన్నీళ్ళు పెట్టుకునేది సూతుణ్ణి అవమానించారనా, క్షత్రియుణ్ణి సూతుడనుకున్నారనా? ఎవరికి వాళ్ళు తేల్చుకోవాల్సిన ప్రశ్న ఇది.

శాసనాల కాలం దాటి వచ్చేకొద్దీ ఆ పాత ధైర్యం సన్నగిల్లింది. తుళువ నరస నాయకుడు సాళువ రాజుల సేనాని. అతని కొడుకు శ్రీకృష్ణదేవరాయలి కాలానికి ఆ వంశం చంద్రవంశంలో, తుర్వసుడి సంతతిలో చేరిపోయింది. ఆ తర్వాత బ్రిటిష్ వాళ్ళ జనగణన వచ్చింది. 1901లో రిస్లీ అనే అధికారి కులాలను సామాజిక గౌరవం ప్రకారం ఎక్కువ తక్కువ వరసల్లో పేర్చాలని ఆదేశించాడు. దేశమంతటా కులసంఘాలు అర్జీలు పట్టుకుని కదిలాయి. మమ్మల్ని క్షత్రియుల్లో రాయండి, మాది ఫలానా రాజవంశం, ఇదిగో రుజువు అని. మన దగ్గర కులచరిత్రల పుస్తకాలు వెల్లువెత్తిందీ ఆ దశాబ్దాల్లోనే. 1368లో ఒక రాజు రాగిరేకు మీద గర్వంగా చెక్కించుకున్న మాటను, ఐదు వందల ఏళ్ళ తర్వాత సర్కారు రిజిస్టరులో కనిపించకుండా చేయాలని అర్జీలు పెట్టుకున్నారు. ఇవాళ్టి వాదనలకు వాడే ఆధారాల్లో చాలావరకు ఆ పుస్తకాల నుంచి ఎత్తి రాసినవే. శాసనం పేరు ఉంటుంది, శాసన పాఠం ఉండదు.

అందుకే ఎవరైనా శాసనం పేరు చెప్పి ఒక వంశాన్ని మీ ముందు పెడితే దాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవమని నా కోరిక. వంశవర్ణన అయిపోయాక వచ్చే భాగాన్ని అస్సలు వదలొద్దు. ఇప్పటి అమరావతి రాజధాని ప్రాంతంలో, వెలగపూడి పక్కనే ఉన్న మల్కాపురం శాసనం 1261 నాటిది. అది కూడా కాకతీయులను సూర్యవంశంతో కలుపుతుంది కాబట్టి ఆ ఒక్క ముక్కనే ఎత్తి చూపేవాళ్ళు ఎక్కువ. ఆ ముక్క దాటి ముందుకు వెళ్తే గణపతిదేవుడు, రుద్రమదేవి శైవాచార్యుడు విశ్వేశ్వరశంభువుకు ఇచ్చిన మందడం, వెలగపూడి గ్రామాల ఆదాయాన్ని దేనికెంత ఖర్చు పెట్టాలో వివరంగా ఉంటుంది. గుడికి, మఠానికి, చదువుకునే విద్యార్థులకు, వైద్యశాలకు, ప్రసూతిశాలకు వాటాలున్నాయి. సత్రంలో బ్రాహ్మణుల నుంచి చండాలుల దాకా ఎవరు వచ్చినా అన్నం పెట్టాలని కూడా ఉంది.